తలుపు వెనక కట్టె

నరహరి కార్ఖానాలో రాత్రి పాలీ పని దిగి ఇల్లు చేరేసరికి స్టవ్ మీద చాయ మరుగుతుండాలి, బకెట్‌లో నీళ్లు నిండి ఉండాలి, తలుపు ఓరగా తెరిచి ఉండాలి. వీటిలో ఏది తప్పినా తరవాతి సంగతి తలుపు వెనక ఉన్న కట్టె చూసుకునేది. మరమగ్గంలో దారం మోసే నాడెను ఈ చివర నుంచి ఆ చివరకు విసిరికొట్టే కట్టె అది. అరిగిందని కార్ఖానాలో మార్చేస్తే నరహరి ఇంటికి తెచ్చుకున్నాడు. కుక్కలను అదిలించడానికన్నాడు. తాముండే ఖటోదరా గల్లీ కుక్కలకు మాత్రం దాని దెబ్బ ఎట్లా ఉంటుందో ఇప్పటికీ తెలియదు.

కరోనా వచ్చిన మొదటి ఏడాది మగ్గాలు ఆగిపోయాయి, అతని చెయ్యి ఆగలేదు. పని లేదన్న కోపం, ఊరికి పోదామంటే రైళ్లు లేవన్న కోపం, అన్నీ అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు భాగ్యలక్ష్మి వీపు మీదే దిగాయి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆమె నోరు మెదిపేది కాదు. గోడవతల ఖోలీలో ఉండే నర్సవ్వ అడిగితే నల్లా దగ్గర జారిపడ్డానని చెప్పేది. నీ ఒక్కదాని కోసమే ఆ నల్లా దగ్గర పాచి పడుతున్నట్టుందే అని నర్సవ్వ పెదవి విరిచేది.

రెండో వేవ్ తగ్గి, వానలు పట్టిన రోజులు. ఆ పొద్దున అన్నీ సక్రమంగానే జరిగాయి. నరహరి చాయ తాగి, ముసుగు తన్ని పడుకున్నాడు. గురక మొదలయ్యాక కూతురు హారతి మంచం కింద నుంచి దుప్పటి చుట్టిన గిటారును మెల్లగా లాగింది.

అది అంబదాస్‌ది. భాగ్యలక్ష్మి తమ్ముడు. పగలు మగ్గం, రాత్రి పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా. బొంబాయిలో ఎవరో ముసలాయన దగ్గర కొన్న పాత ఎలక్ట్రిక్ గిటారు, అతని చేతిలో ఇంకా పాతబడింది. పసుపూ ఎరుపూ కలిసిన రంగు అంచుల్లో పెచ్చులు పోయింది. కుడి మోచెయ్యి ఆనేచోట రంగంతా అరిగి, కర్ర నున్నగా బయటపడింది. ఒకప్పుడు అతను అక్క మీద లేచిన బావ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ రోజుతో ఈ ఇంటి గడప అతనికి మూతపడింది.

రెండో వేవ్‌లో కరోనా సోకి అంబదాస్ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నరహరి పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. భాగ్యలక్ష్మి ఫోన్ ఎత్తలేదు. మర్నాడు అతని శవాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి నేరుగా శ్మశానానికి తీసుకుపోయారు. ముఖం కూడా చూపలేదు. నరహరి నిద్ర చెడుతుందని ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆర్కెస్ట్రా వాళ్లు గిటారు తెచ్చిచ్చాక, నరహరి లేనప్పుడు దాన్ని బయటికి తీసి, ఆ అరిగినచోట అరచెయ్యి పెట్టుకుని కూర్చునేది. తమ్ముడిని ముట్టుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ జానెడు చోటే.

హారతి మొబైల్ రిపేరు దుకాణంలో పనిచేస్తుంది. సన్నటి వైర్లు అతకడం దానికి మంచినీళ్ల ప్రాయం. దుకాణంలో వాళ్లు రంగు కొట్టించు, కొత్తదానిలా మెరుస్తుందని చెప్పారట. హారతి వినలేదు. తుప్పు తుడిచింది, తెగిన వైరు అతికింది, కొత్త తీగలు కట్టింది. రంగు జోలికి మాత్రం పోలేదు.

"పనిచెయ్యనిదే బాగుచేస్తనమ్మా. అరిగింది ముట్టుకోను. అది మామ చెయ్యి ఆనిన జాగ."

భాగ్యలక్ష్మి దగ్గరికి జరిగింది. కూతురి నెత్తి నిమిరింది.

గణపతి మండపంలో వాడే పాత స్పీకరు పెట్టెకు వైరు తగిలించి హారతి ఒక తీగ మీటింది. పెట్టె మీద వాల్యూమ్ ఎక్కడిదాకా తిప్పి ఉందో చూసుకోలేదు. గోడలదిరేలా మోగింది. మగ్గాల మోత మధ్య బతికి నరహరికి చెవులు సగం పోయాయి, మెల్లగా అంటే మనిషి మాట వినబడదు. కానీ ఆ మోత బండల మీదుగా మంచంలోకి పాకి అతని వెన్నులో తగిలింది. దిగ్గున లేచాడు.

"ఎవలిదే అది?"

"అంబదాస్ మామది, బాపూ. ఇన్నాళ్లూ మంచం కిందనే ఉండె."

"సచ్చినోని సామాను నా నెత్తి మీద మోగుడేంది? బయట పారెయ్."

హారతి కదలలేదు. వచ్చిన పెళ్లికొడుకుల ముందు తల వంచుకునే పిల్ల, ఆ పూట తండ్రి కళ్లలోకి చూసి గట్టిగా, అతనికి వినబడేలా అంది. "మామ నీ చెయ్యి పట్టుకున్నడని గద నీకు గింత కోపం."

నరహరి తలుపు దగ్గరికి నడిచాడు. ఆ నడక భాగ్యలక్ష్మికి తెలుసు. ఒళ్లంతా దానికదే ముడుచుకుపోయింది. కానీ కట్టె లేచింది తన మీద కాదు, పిల్ల మీద. ఆమె ఏం ఆలోచించిందో ఆమెకే తెలియదు. చేతికందిన గిటారును రెండు చేతులా ఎత్తి కట్టెకూ కూతురికీ మధ్యకు దూకింది.

దెబ్బ గిటారు మెడ మీద పడింది. మెడ ఫట్టున విరిగింది. కట్టె కొస జారి ఆమె నుదుటిని చీల్చింది. పెట్టె ఇంకా నడుస్తూనే ఉంది. తెగిన తీగలు అందులోంచి ఊళ పెట్టాయి. హారతి పాకుతూ పోయి వైరు పీకేదాకా ఆ ఊళ ఆగలేదు. నెత్తురు భాగ్యలక్ష్మి కనుబొమ్మ మీదుగా కారి గిటారు మీద చుక్కలు చుక్కలుగా పడింది.

మాస్కు గదవ కిందికి లాక్కుంటూ నర్సవ్వ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే, చాలీలోని వరస ఖోలీల ఆడవాళ్లంతా చేరారు. ఏమైందే అని నర్సవ్వ అడిగింది.

"నల్లా దగ్గర జారిపడలే, నర్సక్కా. ఎన్నడూ పడలే. నా మొగడు కొట్టిండు." భాగ్యలక్ష్మి మామూలుగా మాట్లాడేంత మెల్లగానే చెప్పింది.

నరహరికి వినబడలేదు. చెవి ముందుకు పెట్టి "ఏమంటున్నవే?" అన్నాడు.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఇంట్లో గొంతెత్తింది లేదు. ఇప్పుడెత్తింది.

"నువ్వు కొట్టినవంటున్న. గా కట్టెతోని. ఇన్నేండ్లు కొట్టినవంటున్న."

మూడో అంతస్తు దాకా వినబడింది. నరహరి చుట్టూ ఉన్న ముఖాలను చూశాడు, తన చేతిలోని కట్టెను చూశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా అక్కడే నిలబడిపోయాడు.

ఆ పూటే తల్లీకూతుళ్లు నర్సవ్వ ఖోలీకి మారారు. నుదుటికి కుట్లు పడ్డాయి. గిటారు రెండు ముక్కలుగా దుప్పట్లో ఉంది. సన్నటి మెడ కాబట్టి జిగురొక్కటే ఆగదని, విరిగినచోట గాడి తీసి గట్టి కర్ర బద్దలు రెండు కూర్చాలని హారతి తెలుసుకుంది. టింబర్ దుకాణం నుంచి తెచ్చిన ముక్క పచ్చిదేమో, చెక్కుతుంటేనే చీలిపోయింది. ఇంకోటి తెచ్చింది, అదీ చీలింది. తన ఖోలీ గడప మీద కూర్చుని నరహరి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. తానే చాయ పెట్టుకుంటున్నాడు, తానే నీళ్లు పట్టుకుంటున్నాడు.

ఒక సాయంత్రం అతను కట్టె పట్టుకుని వచ్చాడు. కూలికి చీరల దారాలు కత్తిరిస్తున్న భాగ్యలక్ష్మి గోడకు అంటుకుపోయింది. నర్సవ్వ చపాతీల కర్ర అందుకుంది. నరహరి కట్టెను గడప మీద పెట్టి వెనక్కి జరిగాడు.

"గట్టి కట్టె. మంచిగ ఎండింది. ఇది పగలదు."

"అది పగలదని నాకెరుకే," అంది భాగ్యలక్ష్మి.

నరహరి తల దించుకున్నాడు.

"నువ్వే కొయ్యి. ఈడ్నే, అందరి ముంగట," అందామె. హారతి లోపలి నుంచి రంపం తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

చాలీ అంతా చూస్తుండగా వరండాలో గొంతుక్కూర్చుని కోశాడు. నూనె తాగి రాయిలా ఉంది ఆ కట్టె. రంపం జారి వేలు తెగింది. మణికట్టుతో చెమట తుడుచుకుని మళ్లీ కోశాడు. పైపొర చెక్కేశాక లోపల కర్ర లేతగా, శుభ్రంగా కనిపించింది. దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ చూస్తూ భోరుమన్నాడు.

"బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్ననాడే గీ కొట్టుడు ఇడిశిపెట్టేదుండె."

ఎవరూ ఓదార్చలేదు. హారతి అతని చేతిలోంచి బద్దలు తీసుకుని కొలతలు చూడసాగింది.

మెడ నిలబడింది. నల్లటి కర్రలో రెండు తెల్లటి బద్దలు దూరం నుంచే కనబడుతున్నాయి. మర్నాడు నరహరి చిన్న నల్ల రంగు డబ్బా పట్టుకుని బెరుకుగా వచ్చాడు. ఇది పూస్తే అతుకు ఎవరి కంటా పడదన్నాడు.

భాగ్యలక్ష్మి నుదుటి మీది కొంగు తీసింది. "గిది కనవడ్తున్నది గద. అదీ కనవడాలె. నువ్వు రోజూ సూడాలె."

అతను డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు వెంటనే ఇంటికి పోలేదు. దసరా దాటాక, నర్సవ్వను ముందు కూర్చోబెట్టుకుని, ఇంకొక్కసారి చెయ్యి లేస్తే పోయేది నర్సవ్వ ఖోలీకి కాదు, ఠాణాకని తేల్చి చెప్పాకే భాగ్యలక్ష్మి తన ఇంటి గడప తొక్కింది. రాత్రి పాలీ దిగొచ్చిన నరహరి ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు. హారతి గిటారును మంచం కింద కాదు, గోడకు మేకు కొట్టి తగిలించింది.

అలవాటు కొద్దీ భాగ్యలక్ష్మి కళ్లు తలుపు వెనక్కి పోయాయి. చీపురు తప్ప అక్కడేమీ లేదు. కూతురికి గిటారు అడ్డుపెట్టే దాకా తన కోసం తానెన్నడూ అడ్డు నిలబడలేదని అప్పుడు తట్టింది ఆమెకు. గోడ దగ్గరికి పోయి, అరిగినచోట అరచెయ్యి ఆనించి, "తమ్మీ, ఆ పొద్దు ఫోన్ ఎత్తకపోతిని" అని నోరు తెరిచి గట్టిగా ఏడ్చింది. ఈసారి కొంగు నోట్లో కుక్కుకోలేదు.

ఆ ఏడుపుకు నరహరి లేచాడు. వచ్చి, ఆమెకు కొంచెం ఎడంగా, బండల మీద కూర్చున్నాడు.