కూత తెగిన చోట

2068 మార్చి పదకొండో తేదీ యోహానుకు బాగా గుర్తు. ఆ మధ్యాహ్నం అతని కూతురు కెజియా రెండు పూతరేకులు తిన్నది. నాలుగో ఏట మధుమేహం వచ్చిన పిల్ల, తొమ్మిదో ఏట మొదటిసారి ఎవరినీ అడక్కుండా తీపి తిన్నది. అంతకు గంట ముందే ఆమె చర్మం కింద బియ్యపుగింజంత ‘చక్కెరకాపరి’ని అమర్చారు. నెత్తుటిలో చక్కెరను అదే కొలుస్తుంది, అదే మందు వదులుతుంది. రెండేళ్ళు తిరక్కుండానే ఊళ్ళో సూదుల వాడకం మాయమైంది.

ఇప్పుడు కెజియాకు పద్నాలుగు. రేపల్లె కబడ్డీ మైదానం అంచున నిలబడి యోహాను కాపరి కొలిచిన అంకెను చూపే తన మణికట్టు మీది ‘క్షేమఫలకం’ వంక చూస్తున్నాడు. నూటనాలుగు. పచ్చరంగు. బరిలో కూతురి కూత మాత్రం మళ్ళీ తెగింది.

“మూడోసారి!” శిక్షకురాలు శేషారత్నం విసవిసా వచ్చింది. “ఏంది మాస్టారూ, మీ పిల్ల గీత దాటగానే కూత మింగేస్తంది? ఎల్లుండి జిల్లా జట్టు ఎంపిక. భయపడేదాన్ని ఎట్టా పంపేది?”

“భయం కాదు మేడమ్. నాలుక... తిరగట్లా,” అంది కెజియా.

“నీకా! వాగుడుకి నీ తరవాతేగా ఎవరైనా!”

కెజియా నవ్వబోయి మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది. ఆ నవ్వు రెండు ముక్కలు కావడం యోహాను చూశాడు. అంకె బాగుంది, బిడ్డ బాగాలేదు. దేన్ని నమ్మాలో పాలుపోక, ఆమెను నేరుగా డాక్టర్ ఖతీజా దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆ పెద్దావిడ బీరువాలోంచి ఊపిరి కొలిచే పాత గొట్టం తీసి దుమ్ము తుడిచింది. కెజియా మూడుసార్లు ఊదింది.

“ఈ వయసు పిల్లలకు రావలసినదాంట్లో ముప్పాతికే వస్తోంది.”

“కాపరి పచ్చగానే ఉందే డాక్టరుగారూ?”

“అది నెత్తుటిని చూస్తుంది సార్. ఊపిరిని కూడా చూడమని దానికెవరూ చెప్పలేదు. కాపరి రాకముందు అయిదేళ్ళు చక్కెర ఎక్కువగా ఉందిగా, దాంతో ఊపిరితిత్తుల సాగుడు తగ్గి ఉండొచ్చు. వేరే కారణమైనా కావచ్చు. పరీక్షలు చెయ్యందే నాకూ తెలీదు.” ఆవిడ కెజియా వైపు తిరిగింది. “ఆయాసం ఎన్నాళ్ళ నుంచమ్మా?”

కెజియా గచ్చు వంక చూసింది. “ఏడాది.”

“నాకెందుకు చెప్పలేదే?” అన్నాడు యోహాను.

“చెప్తే నువ్వు మళ్ళీ పడుకోవు నాన్నా.”

భార్య సలోమి పోయాక, కాపరి వచ్చేదాకా, రాత్రంతా రెండు గంటలకోసారి లేచి పిల్ల వేలు గుచ్చి చూసింది అతనే. అంత చిన్నపిల్లకు అది గుర్తుంటుందనుకోలేదు. తన నిద్ర కోసం పిల్ల ఏడాదిపాటు ఆయాసాన్ని దిగమింగుకుందంటే, కోప్పడాలో దగ్గరికి తీసుకోవాలో తెలియలేదు. ఖతీజా గొట్టాన్ని మళ్ళీ మొదటినుంచీ తుడవడం మొదలుపెట్టింది. ఆ పాటి వ్యవధి ఇచ్చినందుకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

దారిలో కెజియా అడిగింది. “ఎల్లుండి సంగతేంటి? కూతకొచ్చినోళ్ళని పట్టేవాళ్ళకి కూత అక్కర్లేదుగా నాన్నా.”

“పరీక్షలు కానీయమ్మా.”

“సరే,” అంది ఆమె వెంటనే. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

రాత్రి తొమ్మిదింటికి ఆమె మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏ ఊపిరి సరైనదో, ఏది కాదో తెలియకుండానే వింటున్నాడు.

“చూశావా, మొదలెట్టావు,” అంది కెజియా. “లెగు. పోయి పడుకో.”

అతను లేచి తన గదిలోకి పోయి పడుకున్నాడు. కళ్ళు మూసుకుని, లేని గురక ఒకటి తెచ్చిపెట్టుకున్నాడు. కాసేపటికి గడప దగ్గర అడుగుల చప్పుడైంది. కెజియా నిలబడి విన్నది. నమ్మిందో లేదో అతనికి తెలియలేదు. తరవాత ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.