సుక్కమ్మ ఉంచిన సొరకాయ

అజీజ్‌నగర్‌లో ఒక ఫాంహౌస్ వెనక, వాగు వైపు కంచె తెగిన చోటును అందరూ సుక్కమ్మ మూల అంటారు. అక్కడ గడ్డపార మరిచిపోయినా సరే, పొద్దుగూకితే కూలివాళ్లు తెల్లారేదాకా తెచ్చుకోరు. నేను దెయ్యాలను నమ్మను. నమ్మకపోయినా, చీకటి పడ్డాక ఆ ఫాంహౌస్ గోడ పక్కన మాత్రం బండి నెమ్మది చేయను.

ఆ తోట ఒకప్పుడు సుక్కమ్మ చేను. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజుల్లో కొడుకు భూమి అమ్మేశాడు. కాగితం మీద అమ్ముడుపోయింది గానీ ముసలమ్మ మనసులో పోలేదు. రోజూ వచ్చి ఆ మూలన తన సొరతీగెకు నీళ్లు పోసేది. అడవి పందులు వస్తే "హో... హో..." అని అరిచి తరిమేది. చలికాలంలో ఒక తెల్లవారుజామున ఆ తీగె పక్కనే చనిపోయి కనిపించింది... ఆ మూలకు అప్పుడే పేరు పడింది.

తోటకు కాపలా సాలోమోను. మొయినాబాద్‌లో నా సెల్ రీచార్జి దుకాణానికి వచ్చేవాడు. ఇదంతా అతను చెప్పిందే. అతని భార్య ప్రేమజ్యోతికి అప్పుడు ఏడో నెల. ఫాంహౌస్‌లో ఇచ్చిన గది తప్ప వాళ్లకు వేరే నీడ లేదు. యజమాని అరుణ్ సార్‌ది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఆదివారం వస్తే స్నేహితులను వెంటబెట్టుకొచ్చి, మందు కొట్టని కూరగాయలు చూపించి మురిసిపోయేవాడు. అలాంటిది రెండు ఆదివారాలు వరసగా పందులు తవ్విన గుంతలే చూపించాల్సి వచ్చింది.

"ఇంకోసారి ఇలా అయితే గది ఖాళీ చేయండి," అన్నాడు సార్. గట్టిగా కూడా అనలేదు. కారు అద్దం దించి అన్నాడు, అంతే.

పందులకు మన దగ్గర అందరూ చేసేదే సాలోమోనూ చేశాడు. కట్టెలు పాతి, తోట చుట్టూ పాత చీరలు కట్టాడు. రంగు గుడ్డ కదులుతూ, మనిషి వాసన తగులుతుంటే పంది లోపలికి రాదు. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చాడు. శనివారం సాయంత్రానికి అంతా పూర్తయింది — ఒక్క చీర తక్కువైంది. ఎక్కడ తక్కువైందనుకున్నారు? ఆ మూలనే.

వెతుకుతూ వాగు దాకా పోయాడు. తుమ్మచెట్టు కింద ఒక చిలకపచ్చ చీర... ఎర్ర అంచు... చిన్న చిరుగు కూడా లేదు. చనిపోయినవాళ్ల బట్టలు అక్కడ వదిలేస్తారని సాలోమోనుకు తెలియక కాదు. చర్చికి పోయే మనిషి — మాకు గవన్ని లెవ్వు అనుకున్నాడు. చీర దులిపి, తెచ్చి, రెండు కట్టెల మధ్య గట్టిగా ముడేశాడు.

రాత్రి కరెంటు పోయింది. టార్చి పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. గాలి ఆగిపోయింది. చీరలన్నీ కదలకుండా వేలాడుతున్నాయి...

ఒక్కటి తప్ప.

మూలన గుర్‌ర్ మని పందుల చప్పుడు. సాలోమోను లేవబోయాడు — లేవలేకపోయాడు. చిలకపచ్చ చీర మెల్లగా నిండుతోంది. ముందు భుజం... తర్వాత నడుము... లోపల మనిషి నిలబడ్డట్టు.

"హో... హో..."

పందులు తొక్కుకుంటూ వాగు వైపు పారిపోయాయి.

"ఎవలు?" లోపలి నుంచి ప్రేమజ్యోతి గుసగుసగా అడిగింది.

"ఎవలు లేరు. పండుకో."

"మరి అరిశిందెవలు?"

సాలోమోను యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు.

పొద్దున కలుపు తీయడానికి రమ వచ్చింది. సుక్కమ్మ కోడలు. ఆ మూల వైపు చూసి, ఉన్నచోటనే ఆగిపోయింది.

"అన్నా... గీ చీర యాడిది?"

"వాగు కాడ దొరికింది."

"గిది మా అత్తది. దినాల నాడు మేమే ఇడిసిపెట్టినం. రెండు నెల్లాయె... ఎండల పడి ఉన్నది. జరంత రంగు గూడ పోలేదేందన్నా?"

చీర అంచు ఒకచోట సన్నగా చిరిగి ఉంది. ఆ చిరిగిన పేలిక సొరతీగె మీద ఉంది — అన్నిటికన్నా నిండైన లేతకాయ తొడిమకు కట్టి.

"ఇత్తనానికి ఉంచింది," అంది రమ. "బతికున్నప్పుడు గట్లనే కడ్తుండె. దాన్ని ముట్టకుండ్రి."

పది గంటలకు సార్ కారు వచ్చింది. తోటలో పంది అడుగు ఒక్కటి లేదు. టమాటాలు, వంకాయలు, బెండకాయలు అన్నీ ఎక్కడివక్కడే. సార్ సాలోమోను భుజం తట్టాడు. గది నిలిచిందన్న సంతోషంతో అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇది భలే ఉందే!" సార్ చెయ్యి సొరకాయ మీద పడింది.

"సార్... అది ఇత్తనానికి. ఇడిసిపెట్టుండ్రి."

"విత్తనాలు ప్యాకెట్లో దొరుకుతాయయ్యా."

పుటుక్కున తెంపాడు. పేలిక ఊడదీసి కింద పడేశాడు. సాలోమోను చెయ్యి అడ్డం పెట్టగలిగేవాడే. పెట్టలేదు. గది గుర్తొచ్చింది, నోరు మూసుకున్నాడు. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతానని నాతో అన్నాడు.

ఆ రాత్రి పదకొండుకు అతని సెల్ మోగింది.

"సాలోమోన్..." సార్ గొంతు. చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. "మా బాల్కనీలో... ఎవరో ఉన్నారు."

"ఎవలు సార్?"

"ముసలావిడ. పచ్చ చీర... మాది తొమ్మిదో అంతస్తయ్యా..."

"సొరకాయ ఇచ్చేయుండ్రి సార్. జర జల్ది ఇయ్యుండ్రి."

"మధ్యాహ్నమే వండుకున్నాం..."

"ఇత్తులన్న ఉన్నయా?"

"లేతకాయ కదా... గింజలతో సహా తినేశాం."

సాలోమోను ఫోన్ చెవికి పెట్టుకునే మూలకు పరుగెత్తాడు. టార్చి వేశాడు. రెండు కట్టెలు నిలబడే ఉన్నాయి. తను వేసిన రెండు ముడులూ కట్టెలకు అట్లాగే ఉన్నాయి...

మధ్యలో చీర లేదు.

"తలుపు దాటి లోపలికొచ్చింది," సార్ ఏడుస్తున్నాడు. "ఆ గది నీకే రాసిస్తా సాలోమోన్... తోట కూడా తీసుకో... ఆమెను వెనక్కి పిలువు..."

ఆ ఏడుపు వెనక, నెమ్మదిగా, దగ్గరగా —

"హో... హో..."

పందులను తరిమేటప్పుడు ఎట్లా అరిచేదో, అట్లాగే.