నెత్తురు తాగిన రాయి

ఆరష్ నూరీ తల పుచ్చకాయలా పగిలి ఉంది. అహ్వాజ్ ఊరి చివర, చమురు బావుల్లోంచి తీసిన రాతి ముక్కలు దాచే గోదాములో పొద్దున్నే దొరికింది ఆ కుర్ర జియాలజిస్టు శవం. మధ్యాహ్నానికల్లా పోలీసులు కాపలాదారు హాషెమ్ వేళ్ళు విరగ్గొట్టి నేరం ఒప్పించేశారు. వాళ్ళకు పని తెమిలితే చాలు, మనిషి ఏమైతేనేం.

సాయంత్రం హాషెమ్ భార్య గొల్‌నార్ డిటెక్టివ్ దారాబ్ ఖాన్ గుమ్మంలో కూలబడింది.

"మా ఆయన్ని ఉరి తీస్తారంట అయ్యా. కోడిని కొయ్యమంటేనే కళ్ళు మూసుకునే మనిషి."

"లే తల్లీ. ముందు టీ తాగు," అన్నాడు దారాబ్.

గోదాములో చెక్కపెట్టెల నిండా గుండ్రటి సున్నపురాతి ముక్కలు, భూమిలో ఉన్న వరసలోనే పేర్చి ఉన్నాయి. పైవైపు ఏదో తెలిసేలా ప్రతి ముక్క మీదా రెండు రంగుల గీతలు. అన్నిటికీ దుమ్ము పట్టింది, ఒక్క ముక్క మాత్రం శుభ్రంగా ఉంది.

"ఇదొక్కటే స్నానం చేసిందేం?" అన్నాడు దారాబ్.

"దీంతోనే కొట్టి, హాషెమ్ కడిగేశాడేమో," అన్నాడు అసిస్టెంటు బర్జూ.

"కడిగినవాడు పక్క ముక్కల గీతలతో దీని గీతలు కూడా కలిపి పెట్టాడు, చూశావా? కాపలావాడికెందుకా శ్రద్ధ?"

బర్జూ చూశాడు. గురువు కళ్ళు తనకెప్పుడొస్తాయో అనుకున్నాడు.

భూమిని అదరగొట్టి, ఆ ప్రకంపనలతో మ్యాపులు గీసే రోస్తమ్‌ను పిలిపించారు.

"చచ్చిపోయినవాడితో నువ్వు తగవు పడ్డావట, ఎందుకు?"

"అడుగున చీలికలున్నాయని నా మ్యాపు చెప్పింది. ఆరష్ రాయిలోనూ చూపించాడు. మా ఆఫీసు పెద్ద, జియాలజిస్టు తవక్కొలీ వినకుండా బావి తవ్వించాడు. చీలికల్లోంచి గ్యాసు ఎగదన్ని అంటుకుని ఎనిమిదిమంది బొగ్గయిపోయారు. సాక్ష్యం చెబుదాం రమ్మన్నాడు ఆరష్. నాకు ధైర్యం చాల్లేదు."

మర్నాడు దారాబ్ అందర్నీ గోదాముకు రప్పించాడు. సంకెళ్ళతో హాషెమ్, వెంట గొల్‌నార్ కూడా వచ్చారు. దారాబ్ మాట్లాడుతూ మాట్లాడుతూ పెట్టెలోంచి ఒక ముక్క తీసి, తిరగేసి పెట్టాడు. రోస్తమ్ పట్టించుకోలేదు. తవక్కొలీ చెయ్యి దానంతటదే వెళ్ళి ఆ ముక్కను సరిచేసింది.

"ఎందుకు తిప్పారు సార్?" అన్నాడు దారాబ్.

"తలకిందులుగా ఉంటే ఎలా?"

"నెత్తుటి చేతులతో కూడా రాయిని సరిగ్గా పెట్టకుండా ఉండలేని మనిషి ఇక్కడ మీరొక్కరే."

తవక్కొలీ నవ్వాడు. "అలవాటుకు ఉరేస్తారా ఏంటయ్యా?"

దారాబ్ సుత్తి తీసి, కడిగిన రాయిని ఒక్క దెబ్బకు రెండు చేశాడు. లోపల చీలికల పొడుగునా నల్లగా గడ్డకట్టిన నెత్తురు.

"పైన కడిగారు, లోపలికి పోయింది కడగలేకపోయారు. ఇది ఎనిమిదిమందిని కాల్చిన ఆ బావి రాయే. చీలికల్లేవు, గట్టి రాయి అని పై అధికారులకు చెప్పింది మీరే. ఆరష్ దీన్ని మీకు చూపించాడు, దీంతోనే వాణ్ణి చంపారు."

తవక్కొలీ కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. "ముప్ఫై ఏళ్ళ పేరు నాది. నిన్నగాక మొన్నొచ్చిన కుర్రాడు దాన్ని మట్టిలో కలుపుతానంటే ఊరుకోవాలా?"

హాషెమ్ సంకెళ్ళు విప్పారు. విరిగిన వేళ్ళతో అతను భార్య చెయ్యి పట్టుకోలేకపోయాడు, ఆమే మణికట్టు పట్టుకుంది. ఏడుస్తూనే అడిగింది, "ఆ ఎనిమిదిమంది పెళ్ళాలకి నిజం ఎవరు చెప్తారు అయ్యా?"

దారాబ్ బదులు చెప్పేలోపే రోస్తమ్ లేచాడు. "నేను చెప్తానమ్మా. నేను నోరు మూసుకున్న సంగతి కూడా చెప్తాను."