ఎత్తెక్కేటప్పుడు వచ్చే చప్పుడు

“చప్పుడు మీ కారుది కాదు మేడమ్, మీ డబ్బాలది.”

మెకానిక్ ఆ మాట అన్నది డిక్కీ తలుపెత్తి ఒక్క చూపు చూసి. కనీసం కారు స్టార్టు కూడా చెయ్యలేదు. డిక్కీ నిండా ఇనప అంచుల పెట్టెలు, మడతపెట్టిన మందపాటి పలకలు. అందులో ఉన్నవి చెవులు పరీక్ష చేసే సామాను. ఆమె బడి బడికీ తిరిగి పిల్లలకు వినికిడి పరీక్ష చేస్తుంది. పిల్లలంతా ఆమెను చెవుల మేడమ్ అంటారు.

“నా డబ్బాలు కదలవు. బెల్టులు బిగించి కట్టాను. కావాలంటే లాగి చూడండి” అందామె.

“ఇవాళ పని ఎక్కువుందండీ. సామానంతా తీసేసి ఓసారి తీసుకురండి. చూద్దాం.”

“చప్పుడెక్కడిదో నాకు తెలీదంటారా? రోజంతా చప్పుళ్ళతోనే నా ఉద్యోగం.”

“నాదీ అంతేనండి.”

ఆమె డిక్కీ తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయింది. కారులో కూర్చున్నాక కూడా పెదవులు కదులుతూనే ఉన్నాయి. షెడ్డు ముందు స్టూలు మీద కూర్చున్న మెకానిక్ మేనమామ అటే చూస్తూ కిసుక్కున నవ్వాడు. షెడ్డు ఆయనదే. పాతికేళ్ళు రేకుల మీద సుత్తి దెబ్బలు విని విని, నలభై నిండకుండానే వినికిడి పోయింది. ఇప్పుడు ఎవరేమన్నా పెదవులు చూసి పట్టేస్తాడు.

“ఏమంటోంది?” అన్నాడు మేనల్లుడు, మామ వైపు తిరిగి.

“నీ గురించేరా. ఇక్కడ చెప్పదగ్గది కాదులే.”

రెండోసారి ఆమె వారానికి వచ్చింది. డిక్కీ బోసిగా ఉంది.

“ఒక్క పెట్టె లేదు. ఇప్పుడు తప్పు దేనిమీద వేస్తారో చూస్తాను.”

చప్పుడు ఎలా ఉంటుందని అడిగాడు. “ఎత్తెక్కేటప్పుడు వస్తుంది. కింద ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు, గుర్ గుర్‌మని” అంది. అతను ఒక్కడే కారు తీసుకుని ఊరి చివర ఎత్తు రోడ్డెక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. కిటికీలు దించి ఒకసారి, ఎత్తి ఒకసారి. ఏమీ వినపడలేదు. అయినా పదహారేళ్ళ పాత కారు, అందులోనూ నాలుగు చక్రాలూ లాగే రకం, ఏదో ఒకటి అరిగే ఉంటుందనుకుని వెనక చక్రం బేరింగు మార్చి పంపాడు.

మూడోసారీ ఆమె ఖాళీ డిక్కీతోనే వచ్చింది, ఈసారి కోపం కూడా లేదు. అదే అతన్ని కంగారుపెట్టింది.

“నిన్న కూడా వచ్చిందండీ. బడికి వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ.”

మళ్ళీ ఎత్తు రోడ్డు. మళ్ళీ ఏమీ లేదు. తిరిగొచ్చి తాళం ఇచ్చి తల అడ్డంగా ఊపాడు. ఆమె కారెక్కి అద్దం వెనక తనలో తానే ఏదో అనుకుంది.

“ఈసారి ఏమంటోంది మావయ్యా?”

మేనమామ నవ్వలేదు. “పాపం, అతనికి వినపడటం లేదేమో అంటోంది.”

అతను చేతిలోని పానా కింద పెట్టాడు. సాయంత్రం పని ఆగాక చెవుల్లో సన్నగా గుయ్యిమనడం ఈ మధ్య అతను గమనిస్తూనే ఉన్నాడు. ఎవరికీ చెప్పలేదు. అతనికి చదువు పెద్దగా అబ్బలేదు. ఇంజను మీద స్క్రూడ్రైవరు పెట్టి, దాని పిడికి చెవి ఆనించి జబ్బు చెప్పడం ఒక్కటే వచ్చు. ఆ చెవి పోతే ఇంకేం మిగులుతుంది?

రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు ఆమె పనిచేసే ఆస్పత్రి మేడ మెట్లెక్కాడు.

“కారు గురించా?” అందామె.

“కాదు. నా గురించి.”

ఆమె ఇంకేమీ అడగలేదు. కుర్చీ చూపించింది. హెడ్‌ఫోన్లు తీసి తుడుస్తుండగా రేకుల కప్పు మీద వాన మొదలైంది. వానలో పరీక్ష చెయ్యకూడదు, ఆగాలి. వానకేమో తొందరేమీ లేదు. ఆ గదిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కిటికీ వైపు చూశారు, తర్వాత గోడ మీద చెవి బొమ్మను చూశారు, తర్వాత చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు.

“మా మావయ్యకి వినపడదు. సాయంత్రాలు నా చెవుల్లో గుయ్యిమంటోంది. నాకూ మొదలైందేమో” అన్నాడతను చివరికి.

ఆమె ముఖం మారిపోయింది. “నేను కారులో అన్నది... ఆయన చూశారా?”

“ఆయన అన్నీ చూస్తాడు. మొదటి రోజు మీరు తిట్టినవి కూడా.”

“అవి మాత్రం వెనక్కి తీసుకోను” అంది, నవ్వు ఆపుకుంటూ.

వాన ఆగింది. “చప్పుడు వినపడగానే బటన్ నొక్కండి. ఎంత చిన్నదైనా” అని యంత్రం ముందు కూర్చుంది. అతను నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

“ఇప్పుడు నేనేమీ పంపలేదే.”

“మీ వేలు కదిలిందండీ.”

“నా వేలు చూసి కాదు, చెవితో విని నొక్కాలి” అని అతని కుర్చీని గోడవైపు తిప్పేసింది.

ఇక చూడ్డానికి సున్నం గోడ తప్ప ఏమీ లేదు. ఎక్కడో చాలా దూరంలో చీమ ఈల వేసినట్టు ఒక చప్పుడు. నిజమా, భ్రమా? నొక్కాడు. మళ్ళీ వినపడ్డట్టుంది, మళ్ళీ నొక్కాడు. పావుగంట తర్వాత ఆమె కుర్చీ మళ్ళీ ఇటు తిప్పి ఒక కాగితం ముందు పెట్టింది. దాని మీద రెండు గీతలు, పక్కపక్కనే, పైన.

“ఎడమ చెవి బాగుంది. కుడి చెవి ఇంకా బాగుంది.”

అతను కాగితం తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు.

“నిజమేనాండీ?”

“బడిపిల్లల్లో కూడా అందరికీ ఇంత మంచి గీత రాదు. ఆ గుయ్యిమనడం పని అలసట. రేకులు కోసేటప్పుడు చెవులకు మూతలు పెట్టుకోండి.”

అతను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కాసేపు నేలకేసి చూశాడు. మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు. ఆమె లేచి వెళ్ళి కిటికీ తలుపులు సర్దుతున్నట్టు నిలబడింది, అతను కళ్ళు తుడుచుకునేదాకా.

“అయితే లేని చప్పుడు నాకు వినపడుతోందా?” అంది అటు తిరిగే.

“మీ చెవులూ బాగున్నాయిగా. చప్పుడు ఉంది. నేను ఉన్నప్పుడే లేదు. రేపు మీరు బడికి వెళ్ళే వేళకు నేనే వస్తాను.”

పొద్దున్నే అతను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆమె, వాళ్ళమ్మ కలిసి ఒక పెట్టెను చెరో పక్కా పట్టుకుని మెట్లు దిగుతున్నారు.

“డబ్బాల మీద నింద వేసిన అబ్బాయివి నువ్వేనా?” అంది తల్లి.

“నేనేనండి.”

“అయితే ఓ చెయ్యి వెయ్యి బాబూ. నీ మాట మీద రెండుసార్లు ఎనిమిది పెట్టెలూ దించడం, మళ్ళీ ఎక్కించడం. నా నడుం నాది కాకుండా పోయింది. ఇవెక్కితే కారు కూడా వెనక్కి కూలబడుతుంది, నేనెంత?”

అతను పెట్టె అందుకున్నాడు. ఇంత బరువుంటుందని అనుకోలేదు. నాలుగో పెట్టె పెట్టి వెనక్కి జరిగి చూశాడు. కారు వెనక భాగం నిజంగానే కిందికి కుంగి ఉంది. చేతిలో బెల్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెట్టెలు చప్పుడు చేస్తాయేమో అనుకున్నాడు కానీ, బరువు వేస్తాయని ఆలోచించలేదు. ఆ బరువును తానే దింపించి, ఖాళీ కారులో చప్పుడు కోసం వెతికాడు.

“అమ్మగారూ, మీరూ ఎక్కండి.”

“నేనెందుకు?”

“బరువు కోసం.”

“ఇంత మర్యాదగా నన్నెవరూ పిలవలేదు నాయనా” అంటూనే ఆవిడ వెనక సీట్లో సర్దుకుంది.

ఎత్తు రోడ్డు సగం ఎక్కేసరికి కింద నుంచి వచ్చింది. గుర్. గుర్. గుర్.

“అదే” అంది ఆమె.

“అదే” అన్నాడతను. అతని ముఖం చూసి, చెడిపోయిన కారును ఇంత సంతోషంగా చూసినవాడు ఇంకొకడు ఉండడనుకుంది ఆమె.

ఆ మధ్యాహ్నమే పెట్టెలతో సహా కారును ర్యాంపు మీదికెక్కించి, కిందికి దూరాడు. ముందు నుంచి వెనక చక్రాలకు తిరుగుడు అందించే పొడవాటి షాఫ్టును మధ్యలో పట్టి ఉంచే రబ్బరు చిరిగిపోయి ఉంది. ఖాళీ కారులో షాఫ్టు బుద్ధిగానే తిరుగుతుంది. వెనక బరువు కుంగినప్పుడు వంపు మారి, పైనున్న రేకును గీకుతుంది. చేతి లైటు వెలుగులో రేకు మీద వేలి వెడల్పున మెరిసే గీత కనిపించింది. ఆమెను పిలిచి చూపించాడు. ఇద్దరూ కారు కింద మెడలు పైకెత్తి ఆ గీత వైపు చాలాసేపు చూశారు. చూడాల్సినదానికన్నా ఎక్కువే.

“ఆ బేరింగు అనవసరంగా మార్చాను. తప్పు నాది” అన్నాడు.

“మొదటి రోజు తిట్లు కూడా వెనక్కి తీసుకుంటాలెండి. కొన్ని.”

కొత్త రబ్బరు వేశాక మర్నాడు మళ్ళీ అదే రోడ్డు. ఆమె నడుపుతోంది, అతను పక్కన, వెనక పెట్టెలు, వాటి ముందు తల్లి. ఎత్తు మొదలైంది. ముగ్గురూ చెవులు రిక్కించారు. మలుపు దాటింది. శిఖరం వచ్చింది. ఏమీ లేదు. కారు మెత్తగా ఎక్కేసింది.

తల్లి అప్పటికే కళ్ళు మూసుకుంది.

“ఇక మీరు షెడ్డుకు రావాల్సిన పని లేదు” అన్నాడతను.

“లేదు.”

“ఆరు నెలలకోసారి ఆయిలు మార్చుకోవాలి.”

“ఆరు నెలలా?”

అతను వెనక్కి ఓసారి చూసి గొంతు బాగా తగ్గించాడు. “నాకు మీరంటే ఇష్టం. ఆరు నెలలు ఆగలేను.”

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

“వినపడలేదా?” అన్నాడు భయంగా.

“వినపడింది. పన్నెండున్నరకు బడి పని అయిపోతుంది. అప్పుడు వచ్చి మళ్ళీ చెప్పండి. అమ్మ లేనప్పుడు.”

“అమ్మకూ వినపడింది” అంది తల్లి, కళ్ళు తెరవకుండానే. “ముందు ఆ రోడ్డు చూసి నడపవే. ఇదిగో బాబూ, ఆదివారం మీ మావయ్యను తీసుకుని ఇంటికి రా.”