చెవి వెనక సర్దుబాబు

ఒరేయ్, టేబుల్ నిండా పసుపు చీటీలు అంటించుకుని, ఏ చీటీ దేనికో మర్చిపోయే మహానుభావా, నిన్నే. కంప్యూటర్లో ‘అర్జెంటు’, ‘చాలా అర్జెంటు’, ‘ఇది మాత్రం నిజంగా అర్జెంటు’ అని మూడు ఫోల్డర్లు పెట్టి, మూడూ తెరవని మొనగాడివి. కాస్త ఇటు తిరుగు. నీలాంటి వాళ్ళ కోసమే 2087లో విశాఖపట్నంలో సర్దుబాబు పుట్టాడు.

సర్దుబాబంటే మనిషి కాదు. కందిపప్పంత బిళ్ళ. చెవి వెనక అతికించుకుంటే రెండు పనులు చేస్తాడని ప్రకటనల్లో చెప్పేవారు. మొదటిది పనుల సర్దుబాటు. ఎవరికి ఎప్పుడు ఫోన్ చెయ్యాలి, ఎవరి తండ్రి సంవత్సరీకం ఎప్పుడు, ఎవరి దగ్గర అల్లుడి మాట ఎత్తకూడదు, అన్నీ చెవిలో చెప్తాడు. రెండోది మనోవడపోత, అంటే ఎమోషనల్ ఫిల్టర్. ఒకరు కసిరి పెట్టేసిన ఫోన్ తాలూకు చేదు తర్వాతి ఫోన్‌లోకి కారకుండా ఆపేస్తుంది.

నూకరత్నం ‘తెరచాప’ ట్రస్టుకి విరాళాలు సేకరించే మనిషి. ట్రస్టుకి ఉన్నదల్లా ఒక ఆస్పత్రి పడవ. సముద్రం ముందుకొచ్చి దీవులుగా మిగిలిన పల్లెలకి ఆ పడవే దిక్కు. మూడేళ్ళ క్రితం ట్రస్టు ఆమెకి సర్దుబాబుని ఇచ్చింది. అప్పటినుంచి ఆమె టేబుల్ శుభ్రంగా ఉంది. లోపల కూడా అంతే శుభ్రం. పదేళ్ళుగా ఎరిగిన దాత ఒకాయన పోయాడని తెలిస్తే, ‘సరే’ అని చేతిలో ఇడ్లీ పూర్తిచేసింది.

ఆ వేసవిలో పడవ ఇంజను పాడైంది. తుఫాన్ల కాలంలోగా కొత్తది రాకపోతే పడవ ఇక కదలదు. అంత డబ్బు ఇవ్వగలిగినవాడు రొయ్యల వ్యాపారి జోగినాయుడు ఒక్కడే. ఆమె ప్రతి గురువారం ఆయన ఇంటికి వెళ్ళేది.

“మళ్ళా వొచ్చీసినావేటమ్మా రత్నం. కూకో, టీ తాగు.”

“ఇంజను సంగతి, నాయుడుగారూ.”

“వొచ్చే గురువారం సూద్దాం.”

“పోయిన గురువారమూ ఇదే అన్నారు.”

“అన్నాను. నీకేటి కోపం వొచ్చిందా?”

“రానేదు. మీకేటి మొహమాటం అనిపించిందా?”

“నేదు.” నాయుడు తల పక్కకి తిప్పి చూపించాడు. ఆయన చెవి వెనకా కందిపప్పంత బిళ్ళ. “ఇదివరకు ఎవులికైనా నేదంటే రెండ్రోజులు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు హాయిగా నేదనీగలుగుతున్నాను. నువ్వూ హాయిగా అడుగుతున్నావు. ఇంకేటి కావాల?”

నూకరత్నానికి అర్థమైంది. ఇలా అయితే ఈ టీ ఎప్పటికీ అవదు.

“ఓ పావుగంట ఇద్దరం ఇవి తీసీసి మాట్లాడదాం,” అంది.

“పందెమేటి?”

“పందెమే అనుకోండి.”

నాయుడు నవ్వుతూ తన బిళ్ళ ఊడదీసి సాసర్లో వేశాడు. ఆమె తనది పక్కన పెట్టింది. ప్రతి గురువారం చెప్పే మాటే చెప్పబోయింది. అది రాలేదు.

“పోయిన్నెల పడవ సముద్రం మధ్యలో ఆగిపోయింది,” అంది. “లోపల నొప్పులు పడతన్న పిల్ల ఉంది. పిల్ల బతికింది. బిడ్డ బతకనేదు. ఆ కబురు నాకు ఫోన్లో సెప్పారు. నేను విని, పెట్టీసి, ఇంకొకరికి పుట్టినరోజు శుభాకాంక్షలు సెప్పాను.”

కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాయుడు ఆమె వైపు చూడలేదు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకోబోయి, కళ్ళజోడు తుడిచాడు.

“ఏ ఊరి పిల్ల?”

“దిబ్బలపాలెం.”

“ఇంజను తెచ్చీసుకో. ఇంక మాటాడకు.”

మర్నాడు ఆమె రెండు బిళ్ళలూ పట్టుకుని, వాటిని కనిపెట్టిన డాక్టర్ తవిటినాయుడి ల్యాబుకి వెళ్ళింది.

“మీ వడపోత మనుషుల్ని బండరాళ్ళు చేస్తోందండీ. తీసిన వెంటనే ఆయన ఇచ్చారు, నేను ఏడిచాను. దాన్ని ఆపీండి.”

డాక్టరు బిళ్ళల్ని యంత్రం కింద పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

“ఇవి రెండూ ఉచిత రకమేనమ్మా. మీ ట్రస్టు ఖర్చెందుకని ఇదే తీసుకుంది. ఆ నాయుడుగారూ అంతే. ఇందులో తారీఖులు గుర్తుచెయ్యడం తప్ప ఏటీ నేదు. వడపోతకి వేరే డబ్బు కట్టాల.”

నూకరత్నం తన బిళ్ళని చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది.

“మరి మూడేళ్ళపాటు నాకేటీ అనిపించనేదు కదండీ.”

“అందరూ అదే సెప్తన్నారు,” అన్నాడు డాక్టరు. వెనక అలమార్లలో సీలు తియ్యని డబ్బాలు పైకప్పు దాకా ఉన్నాయి. “వడపోత ఉన్న రకం ఇంతవరకూ ఒక్కటీ అమ్ముడుపోనేదమ్మా. జనానికి ఉచిత రకంతోనే పని జరిగిపోతంది.”