వారం తెలియని అబ్బాయి

శుక్రవారం పుట్టిన అమ్మాయి సోమవారం పుట్టిన అబ్బాయిని చేసుకుంటే, మూడో వానాకాలం దాటకుండా ఇద్దరిలో ఒకరు పోతారని బర్మాలోని మోలమ్యైన్ పట్టణమంతా నమ్ముతుంది. రేవు వెనక వీధివారికి ఇందుకు సాక్ష్యం కూడా ఉంది. ఆ వీధిలోని డా తాన్ అనే ఆవిడ శుక్రవారం పుట్టింది. పెద్దలు వద్దంటున్నా సోమవారం పుట్టిన ఊ చోన్యేన్‌ను చేసుకుంది. మూడో వానాకాలంలో, బీలూ ద్వీపం నుంచి తిరిగి వస్తున్న పడవ బోల్తా పడి ఆయన నదిలో పోయాడు. శవం కూడా దొరకలేదు. మొగుణ్ణి మింగిందన్న మాట ఆమె ముఖం మీద ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం వారికి కలగలేదు.

అప్పటికి నడక కూడా రాని కూతురు తింజా ఇప్పుడు ఇరవైమూడేళ్ళ పిల్ల. అదీ శుక్రవారం పుట్టుకే. తల్లి పొద్దున ఇంటిముందు చేపల పులుసులో సేమ్యా వేసిన మొహింగా అమ్ముతుంది. బల్లలు కడిగేశాక అదే గదిలో కూతురు కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఉచితంగా దొరికే లినక్స్ అనే కంప్యూటరు వ్యవస్థకు బర్మా భాష నేర్పడం ఆమె పెట్టుకున్న పని. దానికి జీతమిచ్చేవారు లేరు.

ఆ ఏటి జూలైలో, గొడుగు ఉండీ నిలువునా తడిసిన ఒక యువకుడు చంకలో కీబోర్డుతో గుమ్మం ఎక్కాడు. గొడుగు కీబోర్డుకు పట్టాడని తింజాకు తరువాత అర్థమైంది.

"మీరు మా బౌద్ధ విహారపు బడికి పెట్టిచ్చిన కంప్యూటర్లకు బర్మీస్ రాదండీ," అన్నాడు.

"మీకు వచ్చా?"

"పిల్లలకు చెప్పేది అదే. నా పేరు వైయాన్."

"అయితే టైపు కొట్టండి మాస్టారూ, చూద్దాం."

బర్మా లిపిలో ఒక గుర్తు అక్షరానికి ఎడమపక్కన నిలబడుతుంది. చేత్తో రాసేవారు ముందు దాన్ని రాసి, ఆపైన అక్షరం రాస్తారు. యంత్రం మాత్రం అక్షరాన్ని ముందు అడుగుతుంది. వైయాన్ అలవాటు చొప్పున గుర్తునే ముందు నొక్కాడు. అది చుక్కల సున్నా ఒకటి పక్కన పెట్టుకొని తెరమీద దిక్కులేకుండా నిలబడింది.

"అక్షరం ముందు కొట్టాలి. గుర్తు వెనక వచ్చినా తనంతట తానే ముందుకెళ్ళి నిలబడుతుంది."

"వెనక వచ్చి ముందు నిలబడుతుందా? విందుల్లో మా హెడ్‌మాస్టరులాగా!"

నవ్వకూడదనుకొన్న తింజా నవ్వేసింది. అతను మాత్రం నవ్వలేదు.

"చేత్తో ఒక వరస, మీటల మీద ఇంకో వరస అంటే మా చిన్నపిల్లలు రెండూ మరిచిపోతారు ఇంజినీరుగారూ."

"నియమం అంతే మరి."

"నియమం పిల్లల కోసమా, పిల్లలు నియమం కోసమా?"

"వాన తగ్గింది, వెళ్ళండి," అంది తింజా. వాన తగ్గలేదు.

వారం తరువాత ఆమె బడికి వెళ్ళి, గుర్తును ముందు కొట్టినా వెనక కొట్టినా యంత్రం సరిదిద్దుకొనేలా కొత్త అమరిక పెట్టింది. "మీ మొండితనం కోసం రెండు దార్లూ తెరిచాను," అంది. అతను తెరవంక కాక ఆమెవంక చూస్తూ, "ఇంకేమైనా తప్పులుంటే ఇంటికొచ్చి చెప్పొచ్చా?" అన్నాడు. ఆ నెలంతా ఆ యంత్రాలలో తప్పులు పుట్టుకొస్తూనే ఉన్నాయి. కొన్ని నిజమైనవి కూడా.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ వానకు కొండమీది పగోడా మెట్లపై చిక్కుకుపోయారు. అక్కడ ఏ వారం పుట్టినవారు ఆ వారపు మూలన నీళ్ళు పోసి మొక్కుకుంటారు.

"మీరు ఏ మూలన పోస్తారు?" అడిగింది తింజా.

"ఎక్కడ జనం తక్కువుంటే అక్కడ."

"హాస్యం కాదు. మీదే వారం?"

"తెలీదు." వానను చూస్తూ అన్నాడు. "మా అమ్మ నన్ను కని, ఆసుపత్రిలోనే పోయింది. ఆమె కోసం ఎవరూ రాలేదట. తేదీ గుర్తుపెట్టుకొనేది ఆసుపత్రి, వారం గుర్తుపెట్టుకొనేది తల్లి. నాకు తేదీ మిగిలింది. పెంచిన పెద్ద భిక్షువుకు జాతకాలంటే గిట్టదు, చూడనివ్వలేదు."

తింజా అతని తడిసిన చేతిని తన చేతిలోకి తీసుకొని, ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడయ్యేవరకు వదలలేదు.

ఇక తల్లికి చెప్పక తప్పలేదు. డా తాన్ అంతా విని, వంశం అడగలేదు, సంపాదన అడగలేదు.

"ఏ వారం?" అంది.

మరునాడు తింజా జనరేటరుకు డీజిలు తేవడానికి వెళ్ళినప్పుడు వైయాన్ వచ్చాడు. డా తాన్ అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

"నీ తేదీ చెప్పు బాబూ."

"ఎనభయ్యారు ఆగస్టు పద్ధెనిమిది, పిన్నిగారూ."

"ఇందులో పాత నెలలు కనిపిస్తాయటగా. తియ్యి."

అతను తీశాడు. ఆ యంత్రంలో బర్మా అక్షరాలు ఇంకా పెట్టలేదు. వారాల పేర్లుండవలసిన చోట ఖాళీ డబ్బాలు వరసగా ఉన్నాయి. డా తాన్‌కు డబ్బాలతో పని లేదు. గోడ కేలండరులో మొదటి నిలువు వరస ఎప్పుడూ ఆదివారమే. ఆమె వేలు పద్ధెనిమిది మీద ఆగింది. అది మొదటి వరసలో ఉంది.

"ఆదివారం! ఆదివారమే నాయనా!" అంది. మొహింగా వడ్డించి, సొరకాయ బజ్జీలు గిన్నె కనపడకుండా పోసింది. "భిక్షువుల వర్షావాసం వెళ్ళి పెళ్ళిళ్ళు మొదలయ్యాక ముహూర్తం పెట్టుకుందాం."

తింజా వచ్చి ఆ మాట విని, డీజిలు డబ్బా నడివాకిట్లో వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది. ఏడుపు వినపడకుండా కుండలు కడిగింది.

ఆ సంతోషం ఒక్కపూటే నిలిచింది. మరునాటి ఉదయం ఆమె ఆ యంత్రంలో అక్షరాలు పెట్టింది. ఖాళీ డబ్బాలు వారాల పేర్లుగా మారాయి. మొదటి వరస నెత్తిన సోమవారం అని ఉంది.

పేర్లు, తేదీలు, అంకెలు ఒక దేశంలో ఎలా చూపాలో యంత్రానికి చెప్పే ఫైలును లొకేల్ అంటారు. బర్మాకు అది రాసేటప్పుడు తింజా ఇంగ్లండుది నమూనాగా తీసుకొని పేర్లన్నీ మార్చింది. అక్కడివారి వారం సోమవారంతో మొదలవుతుంది. వారం ఏ రోజుతో మొదలవాలో చెప్పే ఆ ఒక్క అంకెను మార్చడం మరిచిపోయింది. ఇప్పుడు మార్చింది. పద్ధెనిమిది రెండో వరసకు జరిగింది. దాని నెత్తిన పేరు మారలేదు. సోమవారమే.

రేవులో వైయాన్ ఆ సంగతి నిదానంగా విన్నాడు.

"మీ అమ్మకు చెప్పకపోతే?"

"చెప్పకపోతే మూడేళ్ళు ప్రతి వానకూ నేనొక్కదాన్నే వణకాలి."

"నువ్వు కూడా నమ్ముతున్నావా?"

"నమ్మను." కొంచెం ఆగింది. "మీరు పడవెక్కితే నమ్ముతాను."

అతనికి కోపం రావలసింది, రాలేదు. "ఆ పడవలో ఎంతమంది పోయారు?"

"ముప్ఫైకి పైనే. ఎక్కవలసినవాళ్ళకు రెట్టింపు ఎక్కారట."

"అందరూ సోమవారంవాళ్ళేనా? అందరూ శుక్రవారం పిల్లల్నే చేసుకున్నారా?"

తింజా నదివంకకు తిరిగింది.

"ఈ ప్రశ్న మీ అమ్మను ఎవరైనా అడిగారా?"

ఇద్దరూ కలిసే వెళ్ళారు. తింజా తన తప్పును, దాని ఫలితాన్ని తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. డా తాన్ ముఖం తెల్లబోయింది.

"ఆదివారమనే చెప్పు. నేను విన్లేదు. పోవే, పోయి యంత్రాన్ని మళ్ళీ పాడుచెయ్యి!"

"అమ్మా, అబద్ధం మీద..."

"అబద్ధమైనా ఇద్దరూ బతుకుతారు!"

వైయాన్ నేలమీద మోకరిల్లి తన ప్రశ్న అడిగాడు. ఆమె కూడా అతని ఎదుట నేలమీద కూర్చుంది.

"ఆ పడవలో ఒక కొత్తజంట ఉంది. ఆ పిల్లది బుధవారం, అతనిది సోమవారం. అంతకంటే మంచి జోడీ లేదని వీధంతా మెచ్చుకుంది. నెల తిరక్కుండానే ఇద్దరూ పోయారు. మర్నాడు ఒడ్డున వాళ్ళను పక్కపక్కనే పడుకోబెట్టడం నేను చూశాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరితో చెప్పను బాబూ? తప్పించుకోవడానికి అంటోందనరూ? చెప్పక చెప్పక... కొన్నాళ్ళకు నేనే నమ్మేశాను. నేను చేసుకోకపోతే ఆయన బతికేవాడని."

తింజా తల్లి ఒళ్ళో తల పెట్టింది. డా తాన్ ఆ తల నిమురుతూ, వైయాన్ వంక చూసి అంది.

"చేసుకోండి. కానీ దాచొద్దు. సోమవారం అబ్బాయని నేనే వీధంతా చెబుతాను. మూడు వానలూ వాళ్ళే లెక్కపెట్టుకోనీ. నేను చంపానో లేదో అప్పుడు తేలుతుంది."

"ఎప్పుడూ ఇలాగే జరుగుతుందన్న మాట తప్పని తేలడానికి, ఒక్కసారి జరక్కపోతే చాలు పిన్నిగారూ," అన్నాడు వైయాన్.

"ఆ ఒక్కసారీ నా బిడ్డ మీద తేలాలి," అందామె.

వర్షావాసం ముగిశాక పెళ్ళయింది. వీధివారు వచ్చి తిన్నారు, ఆశీర్వదించారు, వధూవరులను అవసరానికి మించి జాలిగా చూశారు. మొదటి వానాకాలం మామూలుగా గడిచింది. రెండోదానిలో వైయాన్‌కు డెంగ్యూ వచ్చింది. ముక్కునుంచి రక్తం కారిన నాడు పొరుగువారు ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి తొంగిచూసి, మాట్లాడకుండా వెళ్ళారు. ఆసుపత్రిలో డా తాన్ అల్లుడి మంచం దిగువన కూర్చొని అతని పాదాలు పట్టుకొనే ఉంది.

"నేను పోతే..." అన్నాడతను జ్వరంలో.

"దోమ కుట్టింది కాబట్టి పోతారు," అంది తింజా ఏడుస్తూనే. "ఆ మాట వీధంతా తిరిగి నేనే చెబుతాను. అందుకని దయచేసి పోకండి. నాకు తిరిగే ఓపిక లేదు."

అతను నవ్వబోయాడు, పెదవి పగిలింది. పది రోజులకు లేచి కూర్చున్నాడు.

మూడో వానాకాలం మరీ తెరిపి లేకుండా కురిసి వెళ్ళిపోయింది. వర్షావాసం ముగిసే తాడిన్‌జూట్ పున్నమినాడు పెద్దలకు మొక్కడం ఆచారం. తింజా, వైయాన్ దీపాలు వెలిగించి డా తాన్ ముందు మోకరిల్లారు. ఆమె దీవించడానికి చేయెత్తి, అలాగే ఉండిపోయింది.

"రోజూ ఆయన ఫొటో ముందు కూర్చుని క్షమించమని అడిగేదాన్ని," అంది. "రేపటినుంచి ఏమని అడగనే?"

తింజా ఆ ఎత్తిన చేతిని తీసుకొని తన తలమీద పెట్టుకుంది. వీధిలో కొందరు, లెక్క చాంద్రమానంలో చూడాలనీ, ఇంకో ఏడాది ఆగాలనీ అన్నారు. ఆగారు కూడా.

వైయాన్ పుట్టింది సోమవారం. తింజా పుట్టింది శుక్రవారం. ఇద్దరూ ఇప్పటికీ బతికే ఉన్నారు.