గుడ్డ వెనక మాట

"నేను కొట్టలా. పోలీసులకు చెప్పా, అమ్మగారికి చెప్పా, ఇప్పుడు మీకూ చెబుతున్నా. ఇంకెంతమందికి చెప్పాలి?"

గుంటూరు బ్రాడీపేటలోని ఆ చిన్న ఆఫీసులో రెబ్కా గొంతు ఖంగుమంది. వీధిలో వెళ్తున్న ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు. ప్రైవేట్ డిటెక్టివ్ నాగజ్యోతి దగ్గర అసిస్టెంటుగా చేరాక ప్రేమ్‌చంద్ ఏడుస్తూ వచ్చినవాళ్ళను చూశాడు, వణుకుతూ వచ్చినవాళ్ళను చూశాడు. సాయం అడగడానికి వచ్చి దెబ్బలాడుతున్న మనిషిని మాత్రం ఇదే చూడటం.

పేరేచర్ల దారిలో బాపయ్యకు మిర్చి షెడ్డు ఉంది. ఎండుమిరపకాయల తొడిమలు తీసి, ఏరి, బస్తాలకెత్తే చోటు. ఇరవై ఏళ్ళు పత్తి జిన్నింగు మిల్లులో చేసిన రెబ్కా ఇప్పుడక్కడ ఆడకూలీల మీద మేస్త్రి. మొన్న సాయంత్రం కూలీలు వెళ్ళిపోయాక బాపయ్య తల పగిలి షెడ్డులో పడి ఉన్నాడు. పక్కనే తూకం వేసే కాటా గుండు. ఆయనకింకా తెలివి రాలేదు. రెబ్కా ఆయన్ను బెదిరించడం విన్నానని గుమాస్తా జయరావు పోలీసులకు చెప్పాడు. రేపు స్టేషనుకు రమ్మన్నారు, వెళ్తే ఇక ఇంటికి పంపరని రెబ్కాకు అర్థమైంది.

ప్రేమ్‌చంద్ టీ గ్లాసు పెదాల దగ్గర పెట్టుకునే అడిగాడు. "మీరు అక్కణ్ణుంచి వచ్చేసేటప్పుడు ఆయన ఏం చేస్తున్నారు?"

రెబ్కా ముఖం కందగడ్డలా అయింది. "ఏందా సణుగుడు? మనిషితో మాట్లాడే పద్ధతేనా అది?"

ప్రేమ్‌చంద్‌కి ఒళ్ళు మండింది. నాగజ్యోతి అతని చేతిలోని గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది. "మళ్ళీ అడుగు."

అడిగాడు. "ఫోన్ చూసుకుంటున్నాడు. పోతున్నా అయ్యా అని చెప్పి వచ్చేశా" అంది రెబ్కా, ఏమీ జరగనట్టు.

ఆమె వెళ్ళాక ప్రేమ్‌చంద్ ఊరుకోలేకపోయాడు. "ఇంత పొగరున్న మనిషి చెయ్యి చేసుకోదని ఎలా నమ్మడం మేడం?"

"పొగరని ఎవరు చెప్పారు నీకు?"

"కనిపిస్తూనే ఉందిగా."

నాగజ్యోతి లేచింది. కారు తాళాలు తీసుకుంది.

షెడ్డు ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే ఘాటు గొంతులో పడింది. లోపల ఎర్రటి గుట్టల మధ్య ఆడవాళ్ళు ముక్కూ నోరూ మూసేలా గుడ్డలు కట్టుకుని కూర్చున్నారు. కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు. నాగజ్యోతి, ప్రేమ్‌చంద్ కూడా రుమాళ్ళు కట్టుకున్నారు.

"మంచిదేనండీ, నోరే" అంది ఒకామె. "దూరాన్నుంచి పిలిస్తే పలకదు, మేస్త్రినన్న అహం. ఏదన్నా చెప్పబోతే దగ్గరికొచ్చి మా మూతి మీద గుడ్డ లాగేసిద్ది. ఘాటుకి మేం చావాల."

బాపయ్య భార్య వెంకటేశ్వరమ్మ ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చింది. "మా ఆయన మెత్తని మనిషి. ఆవిడ నోటికి నేనే భయపడతా. పడి ఉన్నచోట ఆయన చేతులు చూస్తే... ఆ ఎరుపు ఎంత కడిగినా పోలేదమ్మా. నెత్తురనుకున్నాం, కాదన్నారు. మిరపకాయలదేలే అనుకున్నాం."

"మిరపకాయలు ముట్టుకున్న చేతులు మండుతాయి" అంది నాగజ్యోతి. గుట్టలోంచి ఒక కాయ తీసి నలిపి తన వేళ్ళు చూసుకుంది.

గేటు కాపలాదారు గౌస్ బాషా తల అడ్డంగా ఊపాడు. "గొడవేం వినలా మేడం. రెబ్కా నోరు తెరిస్తే నాకిక్కడికి వినపడాల్సిందే. ఆరోజు ఎప్పట్లాగే పోయింది. ఆ తర్వాత చాలాసేపటికి జయరావు గారు కేకలేస్తా బయటికొచ్చారు."

జయరావు కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. మాట మెల్లగా, మర్యాదగా ఉంది. ఇలాంటివాడితో పని సులువు అనుకున్నాడు ప్రేమ్‌చంద్.

"గౌస్ చెప్పింది నిజమేనండీ. ఆ రోజు ఆవిడ అరవలేదు, అదే నాకు ఆశ్చర్యం. బస్తాల వెనక ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. సోమవారం నుంచి పనికి రావద్దన్నారు అయ్యగారు. ఎట్టా తీసేస్తావో చూస్తానంది ఆవిడ. ఎందుకు తీసేస్తున్నావంది. నీ నోటి వల్లే అన్నారాయన. నాకెందుకులే అని పక్కకొచ్చేశా."

"మొహాలకు గుడ్డలున్నాయా?" అడిగింది నాగజ్యోతి.

"లేకపోతే అక్కడ ఊపిరాడుతుందా అండీ?"

"ఆ వెనక గది ఎవరిది?"

"తాలు కాయలదండీ, రంగు పోయిన కాయలు. తాళం నా దగ్గరే ఉంటుంది."

నాగజ్యోతి తిన్నగా రెబ్కా ఇంటికి వెళ్ళింది. ప్రేమ్‌చంద్‌ను కారు దగ్గరే ఉండమంది. వాకిట్లో ఇద్దరాడవాళ్ళూ ఎదురెదురుగా కూర్చున్నారు. మేడం పెదాలు కదులుతున్నాయి గాని ఒక్క ముక్క వినపడలేదు. రెబ్కా మాటలు మాత్రం వీధంతా విన్నది.

"చెప్పను. జైలుకే పోతా... గయ్యాళిదంటే పనిస్తారు. మీరు అన్న ఆ మాటైతే ఎవరిస్తారు? ... అనుకోనీయండి. గయ్యాళిదనే అనుకోనీయండి."

చాలాసేపటికి రెబ్కా పైట కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుని లేచింది. "పదండి" అంది కోపంగా. "ఏ డాక్టరు దగ్గరికో చెప్పండి."

మర్నాడు షెడ్డులో అందరినీ సమావేశపరిచింది నాగజ్యోతి. ఎస్సై, వెంకటేశ్వరమ్మ, జయరావు, గౌస్ బాషా, గోడవారగా రెబ్కా. పని ఆపి కూలీలూ చుట్టూ చేరారు.

"జయరావు గారూ, బాపయ్య గారు ఎక్కడ నిలబడి ఏమన్నారో చూపించండి. గుడ్డ కట్టుకుని, అదే గొంతుతో."

జయరావు ఉత్సాహంగానే తువ్వాలు కట్టుకున్నాడు. రెబ్కాకు రెండడుగుల దూరంలో నిలబడి, "సోమవారం నుంచి పనికి రావద్దు" అన్నాడు మెల్లగా. అందరికీ వినపడింది.

నాగజ్యోతి రెబ్కా వైపు తిరిగింది. "ఏమన్నాడు?"

"ఏమో. మూతి కనపడలా" అంది రెబ్కా.

కూలీల్లో ఒకామె తన మూతి మీది గుడ్డ తడుముకుంది.

"జిన్నింగు మిల్లు మోత ఇరవై ఏళ్ళు విని దెబ్బతిన్న చెవులివి" అంది నాగజ్యోతి. "ఎదుటివాళ్ళ పెదాలు చూసి ఈమె మాట పోల్చుకుంటుంది. అందుకే గుడ్డలు లాగేది. తన గొంతు తనకు వినపడక అరిచేది. నిన్న చెవుల డాక్టరు పరీక్ష చేసి ఎస్సై గారితో స్వయంగా మాట్లాడారు. గుడ్డ కట్టుకున్న మనిషి గుసగుసలాడితే ఈమెకు అందదు. మరి మాటకు మాట ఎలా చెప్పింది జయరావు గారూ? పోట్లాట అరుపులతో జరిగిందంటే గౌస్ బాషా కాదంటాడు. అందుకని మీరు గుసగుసలు కల్పించారు. ఆ కల్పన ఈమెకొక్కదానికే అతకదని మీకు తెలియలేదు."

"నటిస్తోందండీ" అన్నాడు జయరావు.

నాగజ్యోతి గాజు గ్లాసులో నీళ్ళు పోయించింది. ఎస్సై తాలు గది తాళం తీయించి, అడుగు బస్తాలోంచి నాలుగు కాయలు తెచ్చాడు. చూడటానికి నిగనిగలాడుతున్నాయి. నీళ్ళలో వేయగానే ఎర్రటి చారలు దారాల్లా కిందికి జారాయి. కూలీల్లో ఒకామె "రంగేశాడు" అంది.

"మిరపకాయ ఎరుపు ఇలా దిగదు, చేతికి ఇలా పట్టదు. బాపయ్య గారు ఆ సాయంత్రం ఈ కాయలు చేతిలోకి తీసుకున్నారు. సోమవారం నుంచి రావద్దని ఆయన అన్నది నిజమే. రెబ్కాతో కాదు, ఆ గది తాళం దగ్గరున్న మీతో. అందుకే మీరు కాటా గుండు ఎత్తారు."

జయరావు తువ్వాలు లాగి కింద కొట్టాడు. మెత్తటి గొంతు ఎటు పోయిందో.

"ఇప్పుడంతా మంచోళ్ళయ్యారా? నేను చెప్పింది ఒక్క మాట. మిగతాదంతా మీరే అల్లుకున్నారుగా. అహం అన్నదెవరు, నోటికి భయపడతానన్నదెవరు? నేనన్నానా?"

ప్రేమ్‌చంద్ తల దించుకున్నాడు. ఎస్సై జయరావు జబ్బ పట్టుకుని బయటికి నడిపించాడు.

వెంకటేశ్వరమ్మ తేరుకుని నాగజ్యోతి దగ్గరికొచ్చింది. "పాపం, ముందే చెప్పొచ్చుగా మేడం. చెవులు వినపడని మనిషి, ఇంత పెద్ద షెడ్డులో లారీలు తిరిగేచోట... ఇంట్లో ఉండమనండి. ఏదో కాస్త సాయం చేస్తాం."

"ఆమె అక్కడుంది. నాతో ఎందుకు చెబుతున్నారు?" నాగజ్యోతి గొంతు మొదటిసారి పెరిగింది. "ఈ లారీల మధ్యే ఇన్నాళ్ళూ పని చేయించింది. నిన్నటిదాకా గయ్యాళిది, ఇవాళ పాపమా? ఆ ముక్క ఆమె ముఖం చూసి చెప్పండి."

రెబ్కా వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ పెదాల మీదే చూపు నిలిపింది. "చెప్పండమ్మా."

వెంకటేశ్వరమ్మ నోరు తెరిచింది. ఆ కళ్ళలోకి చూసి మూసుకుంది. కూలీలంతా చూస్తున్నారు.

"రేపు పనికి రా" అంది చివరికి.

"రేపెందుకు? పొద్దింకా ఉందిగా" అంది రెబ్కా. గుట్టల వైపు తిరిగి, "ఏందే చూస్తన్నారు, కూర్చోండి" అని కేకేసింది. ఒక్కరూ నొచ్చుకోలేదు.

తిరుగుదారిలో ప్రేమ్‌చంద్ అన్నాడు. "మనకి ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు మేడం."

"దేనికి?" అంది నాగజ్యోతి. ఆమె కోపం ఇంకా చల్లారలేదు. "ఇన్నేళ్ళు దాచుకున్నది పదిమందిలో పెట్టించినందుకా?"